అనంతపురంలో మార్చి 31న సభ పెట్టాలనుకుంటున్నాం: ఊరేగింపా, హాలులోనా?

పెన్నఒడ్డు (అనంతపురం), 2025 ఫిబ్రవరి 23

అందరికీ నమస్కారం. అనంతపురం, ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు ప్రాంతాలకు చెందిన పదిపన్నెండు మందిమి కొంతకాలంగా నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకుంటున్నాం. మాలో ట్రాన్స్ మహిళలు (పుట్టినప్పుడు మగబిడ్డలని రాసినా స్త్రీలుగా బతికేవారు), ఒక ట్రాన్స్ పురుషుడు, నావంటి గే పురుషులు ఉన్నారు. ఇద్దరు అమ్మాయిలు కూడా మొదట్లో వచ్చారు గానీ, ఇంట్లో అనుమానం రావడంతో మానుకున్నారు. ఏటా మార్చి 31ని ప్రపంచమంతటా ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు దినంగా జరుపుకుంటున్నారు కాబట్టి, ఈసారి ఆ రోజున మన ఊళ్లో నలుగురికీ తెలిసేలా ఒక కార్యక్రమం చేయాలన్న ఆలోచన వచ్చింది.

కోల్‌కతాలో మనవంటివాళ్లంతా కలిసి వీధిలో బహిరంగంగా నడిచే ప్రైడ్ నడక 1999లోనే జరిగింది. బెంగళూరులో 2008 నుంచి, హైదరాబాదులో 2013 నుంచి జరుగుతున్నాయి. బెంగళూరు మనకు నాలుగైదు గంటల ప్రయాణం కావడం వల్ల మాలో కొందరు అక్కడికి వెళ్లి, రంగుల జెండా భుజాన కప్పుకుని రోజంతా తిరిగి, రాత్రి రైలెక్కి ఇంటికి చేరి, మరునాడు ఏమీ ఎరగనట్టు పనికి పోతుంటారు. అదే జెండాను టవర్‌క్లాక్ దగ్గర పట్టుకోగలమా అన్నది మా ప్రశ్న. కొందరు టవర్‌క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఊరేగింపుగా నడుద్దామని అంటున్నారు. మరికొందరు అది తొందరపాటని, ఏదైనా హాలు తీసుకుని సభ పెట్టుకుంటే చాలని అంటున్నారు.

పోలీసుల అనుమతి ఎవరి దగ్గర, ఎన్ని రోజుల ముందు తీసుకోవాలో, పత్రికల వాళ్లను పిలిస్తే ఫొటోల విషయంలో ఏ జాగ్రత్త పాటించాలో, వచ్చినవాళ్లకు నిజంగా పనికివచ్చేది ఏం పెట్టవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను. బెంగళూరులో చేసినదాన్నే చిన్నది చేసి ఇక్కడ చేయడం నాకు వ్యక్తిగతంగా ఇష్టం లేదు.

జంక్షన్ అక్క (గుంతకల్లు), ఫిబ్రవరి 24

తమ్ముడూ, నీ ఆలోచన చదివి సంతోషించాను. అయితే గుర్తింపు దినం అన్నావు గనుక ఒక మాట చెప్పాలి. మమ్మల్ని ఊరు గుర్తించడం లేదన్న బాధ మాకు ఎన్నడూ లేదు. రైలు పెట్టెలో మేము చప్పట్లు కొట్టగానే కిటికీ వైపు తల తిప్పుకునేవాళ్లు కూడా మమ్మల్ని గుర్తించే తిప్పుకుంటారు. మాకు లేనిది కాగితం. పదో తరగతి మార్కుల జాబితాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు, మమ్మల్ని చేరదీసిన గురువు పెట్టిన పేరు మరొకటి ఉన్న మనిషి బ్యాంకుకు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, అద్దె ఇంటికి వెళ్లినా ముందు తానెవరో రుజువు చేసుకోవాలి.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చునని తీర్పు ఇచ్చింది. 2019లో చట్టం వచ్చి, 2020 జనవరి 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటే, మన ప్రమాణ పత్రాన్ని బట్టి, వైద్య పరీక్ష ఏదీ లేకుండానే, జిల్లా కలెక్టరు గుర్తింపు ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇవ్వాలి. నిబంధనల్లో ముప్పై రోజుల గడువు కూడా రాశారు. వినడానికి ఇంత సులువు. మా ఇంట్లో ఉండే ఒక చేలా, అంటే శిష్యురాలి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. నెట్ సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి ఆ పోర్టల్‌ను అంతకుముందు ఎన్నడూ తెరవలేదు. ఈమె చెప్పిన పేరును తనకు తోచిన ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టాడు. ప్రమాణ పత్రంలో నోటరీ దగ్గర టైపు చేసినామె ఇంకొక స్పెల్లింగు వేసింది. ఒక్క అక్షరం తేడాతో దరఖాస్తు తిరిగి వచ్చింది, అది తిరిగి వచ్చిందన్న సంగతి కూడా మాకు చాలా కాలం తెలియలేదు, ఎందుకంటే సమాచారం వెళ్లిన ఫోను నంబరు నెట్ సెంటర్ అబ్బాయిది. ధర్మవరం నుంచి వచ్చిన ఇంకొకామె అనంతపురం జిల్లా అని నింపింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్లు శ్రీ సత్యసాయి జిల్లా కిందికి, అంటే పుట్టపర్తి కలెక్టరేటు కిందికి పోయారు గదా. కర్నూలు జిల్లాలో నంద్యాల వైపు వాళ్లకు, కడప జిల్లాలో రాయచోటి వైపు వాళ్లకు కూడా ఇదే తికమక ఉంది.

అందుకని నా మాట వింటే, జెండా కంటే ముందు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక స్కానరు, ఓపికగా పేరు అడిగి రాసే ఒక మనిషి, ఒక నోటరీ వకీలు ఉండేలా చూడు. ఆ బల్ల దగ్గరికి ఎవరు రారో నేనూ చూస్తాను. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు సామాజిక పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు అయింది, దాని గురించి అడిగేవాళ్లు కూడా వస్తారు.

ఇంకొక సంగతి. గురువులను ముందుగా ఇంటికి వెళ్లి, ఆకువక్క పెట్టి పిలవాలి. ఫోనులో మెసేజ్ పెట్టి పిలిస్తే పెద్దవాళ్లు రారు, పెద్దవాళ్లు రాకపోతే చేలాలు రారు. చదువుకున్న పిల్లలకు ఇది పాత పద్ధతిగా కనిపించవచ్చు. కనిపించినా సరే, చేయండి.

నల్లకోటు (అనంతపురం), ఫిబ్రవరి 26

నేను అనంతపురం కోర్టుల్లో న్యాయవాదిగా పనిచేస్తున్నాను. అక్క గారు చెప్పినదంతా వాస్తవమే. చట్టానికి, అనుమతులకు సంబంధించిన సంగతులు నేను రాస్తాను.

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. రోడ్ల మీద సభలను అడ్డుకునేలా 2023 జనవరిలో వచ్చిన జీవో నంబరు 1ని మన హైకోర్టు అదే ఏడాది మే నెలలో కొట్టివేసింది కూడా. అయినా 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ కింద జిల్లాల్లో ఎస్పీలు తరచూ ఉత్తర్వులు ఇస్తూ ఉంటారు, ఆ ఉత్తర్వు అమలులో ఉన్నంతకాలం ఊరేగింపులకు ముందస్తు అనుమతి అవసరమవుతుంది. కనుక ఊరేగింపు అయితే సబ్ డివిజన్ డీఎస్పీ గారికి దారి, సమయం, వచ్చేవారి అంచనా, బాధ్యులుగా ఇద్దరి పేర్లు రాసి దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. హాలులో సభకు ఇంత తతంగం ఉండదు, అయినా స్థానిక పోలీసు స్టేషనుకు ఒక లేఖ ఇచ్చి ఉంచడం మంచిది, ఎవరైనా వచ్చి గొడవ చేస్తే ఆ లేఖే అక్కరకు వస్తుంది. మైకు వాడితే దానికి వేరుగా అనుమతి తీసుకోవాలి.

అసలు చిక్కు తేదీలో ఉంది. ఈ ఏడాది మార్చి 30 ఉగాది. నెలవంకను బట్టి 31న గానీ, ఏప్రిల్ 1న గానీ రంజాన్ పండుగ అవుతుంది. ఈద్గాల దగ్గర బందోబస్తులో ఉన్న పోలీసులు ఆ రోజు టవర్‌క్లాక్ దగ్గర మీ ఊరేగింపునకు మనుషులను కేటాయించడం జరిగే పని కాదు. మీలో ముస్లిం మిత్రులు ఉంటే వారినీ దూరం చేసుకున్నవారవుతారు. పైగా మార్చి 17 నుంచి పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి కాబట్టి మైకుకు కూడా అభ్యంతరం వస్తుంది. అక్క గారు ప్రస్తావించిన తీర్పు వచ్చిన రోజు ఏప్రిల్ 15. ఈసారి అది మంగళవారం, ముందు రోజు అంబేడ్కర్ జయంతి. ఆ రోజును తీసుకోమని నా సలహా. కార్యాలయాలు తెరిచి ఉండే రోజు కాబట్టి అధికారులను, నోటరీని పిలిచే వీలు కూడా ఉంటుంది.

ఇక 2019 చట్టం గురించి ఒక మాట. ధ్రువపత్రం వచ్చాక దాని ఆధారంగా ఇతర పత్రాల్లో పేరు, లింగం, ఫొటో మార్చమని అడిగితే, ఆయా కార్యాలయాలు పదిహేను రోజుల్లో మార్చాలని నిబంధనల్లో ఉంది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంగా పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని, కుటుంబం నివసించే ఇంట్లో ఉండే హక్కు వారికి ఉందని 12వ సెక్షన్ చెబుతుంది. ఇది మంచి చట్టమేనా అని నన్ను అడిగితే, సగమే మంచిదని అంటాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడి చేసినవారికి ఆ చట్టం విధించే గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మహిళపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత 377వ సెక్షన్ పూర్తిగా లేదు. పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పిన తరువాత ఆ సెక్షన్‌లో మిగిలింది ప్రధానంగా బలవంతపు దాడికి సంబంధించిన భాగం. దానినీ తీసేయడంతో పురుషుడిపై మరొక పురుషుడు అత్యాచారం చేస్తే పెట్టడానికి సూటిగా సరిపోయే సెక్షన్ ఇప్పుడు లేదు. సభలో తీర్మానం చేయదలిస్తే ఈ విషయం మీద చేయండి.

ప్రొద్దుటూరు పిల్లోడు (ప్రస్తుతం బెంగళూరు), ఫిబ్రవరి 27

ఇక్కడ రాసినవన్నీ చదివాను. గౌరవంగానే విభేదిస్తున్నాను. కార్డు, పింఛను, ధ్రువపత్రం అన్నీ ట్రాన్స్‌జెండర్లకు సంబంధించినవి. వాటి అవసరాన్ని నేను కాదనడం లేదు. అయితే నావంటివాడికి ఏ కలెక్టరూ ఏ కార్డూ ఇవ్వడు, నేను అడగను కూడా. నాకు కావలసినది నన్ను ఎవరూ బెదిరించకుండా, ఉగాదికి ఇంటికి వెళితే పంచాంగంతో పాటు పెళ్లి సంబంధాల జాబితా చేతికి రాకుండా ఉండడం. దీనికి మీ సభలో ఏ బల్ల వేస్తారు?

రెండు విషయాలు మాత్రం తప్పక పెట్టాలని నా మనవి. మొదటిది బెదిరింపులు. డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, మనిషిని ఊరి బయటకు రప్పించి, ఫోనులో ఫొటోలు తీసి, ఇంట్లో చెబుతామని డబ్బులు గుంజడం రాయలసీమ పట్టణాల్లో ఎందరికో జరిగింది, నాకు తెలిసినవారిలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేస్తే స్టేషనులో అడిగే మొదటి ప్రశ్న ‘అసలు అక్కడికెందుకు వెళ్లావు’ అని. ఇలా డబ్బు గుంజడం న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద, బెదిరించడం 351వ సెక్షన్ కింద నేరాలని, సైబర్ మోసాలకు 1930 నంబరు ఉందని, బాధితుడు తాను గే అని చెప్పినంత మాత్రాన అతనిపై ఇప్పుడు ఏ కేసూ పెట్టలేరని ఒక న్యాయవాది వేదిక మీది నుంచి చెబితే, అది మాకు ఏ పింఛనుకూ తక్కువ కాదు.

రెండవది వైద్యం పేరుతో జరిగేది. నా సంగతి ఇంట్లో తెలిసినప్పుడు మా నాన్న నన్ను ఒక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆయన నన్ను బయట కూర్చోబెట్టి, మందుల చీటీ రాసి, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మా నాన్నకు చెప్పి పంపాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల పట్టిక నుంచి 1990 మే 17న తీసేసింది. మద్రాసు హైకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల తరువాత, ఇటువంటి ‘మార్పిడి చికిత్స’ చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. మా నాన్నకు ఈ మాట నేను చెబితే నమ్మడు, తెల్లకోటు వేసుకున్న ఇంకొకరు చెబితే బహుశా నమ్ముతాడు. తల్లిదండ్రుల కోసం ఒక మానసిక వైద్యుణ్ణి పిలవండి. రాలేనివారికి మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 తెలుగులోనే మాట్లాడుతుందని రాసి పెట్టండి.

ఊరేగింపు పెడితే నేను రాను. పత్రిక జిల్లా ఎడిషన్‌లో ఒక మూలన నా ముఖం పడితే మా వీధిలో మా చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. దీనిని పిరికితనం అనేవారితో నాకు వాదన లేదు.

ఆదోని పత్తి (ఆదోని), ఫిబ్రవరి 28

బయటి దేశాల జెండాలు, దినాలు మనకెందుకన్నది నా సందేహం. మా ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీ పండుగకు మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, రతీమన్మథులకు పూజలు చేస్తారు. ఊరంతా భక్తితో చూస్తుందే గానీ ఎవరూ ఎగతాళి చేయరు. మన సంప్రదాయంలోనే ఇంత ఆదరణ ఉన్నప్పుడు సభలు, హక్కులు అంటూ విడదీసి మాట్లాడడం వల్ల లేని గొడవ మొదలవుతుందేమో ఆలోచించండి.

జంక్షన్ అక్క (గుంతకల్లు), మార్చి 1

అయ్యా, సంతెకుడ్లూరు వేడుకను నేను కళ్లారా చూశాను, ఆ ఊరివాళ్ల భక్తిని తక్కువ చేసి మాట్లాడను. అది మొక్కుబడి. కోరిక తీరాలని కట్టుకున్న చీరను పూజ కాగానే విప్పి, ప్యాంటు తొడుక్కుని ఆయన తన ఇంటికి తాను పోతాడు, ఇంట్లో భార్య అన్నం పెడుతుంది. నేను చీర కట్టుకుని అదే వీధిలో మరునాడు ఇల్లు అద్దెకు అడిగితే ఇస్తారేమో మీరే వచ్చి అడిగి చూడండి, అడ్వాన్సు నేను పెట్టుకుంటాను. గొడవ లేనిది మీకు. మాకు ఎప్పటి నుంచో ఉంది.

ప్రొద్దుటూరు తమ్ముడి మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. దాచుకుని బతకగలగడం అదృష్టమని మేమంతా అనుకుంటాం, దాచుకోవడంలో ఉండే భయం మాకు తెలియదు. బెదిరింపుల సంగతి మొదటే పెట్టండి.

తుంగభద్ర (కర్నూలు), మార్చి 2

నేనూ, నాతో కలిసి ఉంటున్న ఆమె ఇద్దరమూ కర్నూలులో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఇరుగుపొరుగువారికి మేము పిన్నమ్మ, పెద్దమ్మ బిడ్డలం. ఇప్పటిదాకా సాగిన చర్చలో ఆడవాళ్ల మాట దాదాపు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

పెళ్లి విషయంలో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మాకు అనుకూలంగా చెప్పలేదు, పునఃసమీక్ష పిటిషన్లను కూడా ఈ ఏడాది జనవరిలో కొట్టివేసింది. అయితే ఆ తీర్పు తరువాత వేసిన కమిటీ పుణ్యమా అని కొన్ని చిన్న తలుపులు తెరుచుకున్నాయి. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ ఆంక్షా లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో ఇటువంటి జంటను ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు లేఖలు వెళ్లాయి. మేము ఉమ్మడి ఖాతా కోసం వెళ్లినప్పుడు కౌంటరులోని అమ్మాయి ‘సంబంధం’ అన్న గడి దగ్గర ఆగి, అక్కచెల్లెళ్లని రాయమంటారా అని అడిగింది. మా ఆవిడ బ్యాగులోంచి ఆర్థిక శాఖ ప్రకటన ముద్రించిన కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, లోపలికి తీసుకువెళ్లి, చాలాసేపటి తరువాత తిరిగి వచ్చి, ‘స్నేహితులు అని వేస్తాను మేడమ్, పని అయిపోతుంది’ అంది. పని అయిపోయింది. ఆ కాగితం నకళ్లు మీ బల్ల మీద ఒక కట్ట పెట్టండి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇద్దరు అమ్మాయిలు ఇల్లు వదిలి వస్తే తల్లిదండ్రులు ముందుగా మిస్సింగ్ కేసు పెడతారు, పోలీసులు పట్టుకువచ్చి ఇంటికి అప్పజెబుతారు. 2024 డిసెంబరులో మన హైకోర్టు ఇటువంటి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే) కేసులోనే, మేజరైన ఆ యువతి తన భాగస్వామితో కలిసి జీవించవచ్చునని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు కూడా ఇటువంటి కేసుల్లో కోర్టులు ఎలా నడుచుకోవాలో మార్గదర్శకాలు ఇస్తూ, కౌన్సెలింగ్ పేరుతో మనిషి ఇష్టాన్ని మార్చే ప్రయత్నం చేయరాదంది. ఈ రెండింటినీ తెలుగులో ఒక పేజీలో రాసి ఉంచితే, అవసరమైన అమ్మాయి మడిచి పుస్తకంలో పెట్టుకుంటుంది.

సాయంకాలం సభ అయితే అమ్మాయిలు రాలేరు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అయితే కాలేజీ అనో, కుట్టు శిక్షణ అనో, బ్యాంకు పని అనో చెప్పి రావచ్చు. గుమ్మం దగ్గర రంగుల బ్యానరు కడితే ఆ గుమ్మంలోకి ఎవరూ అడుగుపెట్టరు.

పెన్నఒడ్డు (అనంతపురం), మార్చి 9

అందరికీ కృతజ్ఞతలు. మొన్న మేమంతా కూర్చుని గట్టిగానే వాదించుకున్నాం. ఊరేగింపు కావాలన్నవారిలో ట్రాన్స్ మహిళలే ఎక్కువ మంది ఉన్నారు, వద్దన్నవారిలో గే పురుషులే ఎక్కువ మంది ఉన్నారు. దాచుకోవడానికి ఏమీ మిగలనివారు మీ భయం కోసం మేమెందుకు ఇంట్లో కూర్చోవాలని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరకు ఏప్రిల్ 15న చేయాలని నిర్ణయించాం. పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా బ్యానరు లేకుండా, ఫోను కెమెరాలు సంచిలో పెట్టించి, ధ్రువపత్రాల బల్ల, న్యాయ సలహా బల్ల, వైద్యునితో మాట్లాడే గది ఉంటాయి. సాయంత్రం అయిదు తరువాత, ఎండ తగ్గాక, కనిపించడానికి ఇష్టపడేవారు మాత్రమే బ్యానరు కట్టి, పత్రికల వాళ్లను పిలిచి సభ చేసుకుంటారు. హాలు వాకిలి నుంచి రోడ్డు చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చేంత చిన్న నడక కోసం దరఖాస్తు ఇస్తున్నాం. హాలు పేరు ఇక్కడ రాయడం లేదు, రాదలచినవారు నాకు విడిగా సందేశం పంపితే చెబుతాను. గురువుల దగ్గరికి వచ్చే శుక్రవారం ఆకువక్కతో వెళుతున్నాం.

పెన్నఒడ్డు (అనంతపురం), ఏప్రిల్ 20

కార్యక్రమం జరిగింది. రాలేకపోయినవారి కోసం, ఇంకొక ఊరిలో చేయాలనుకునేవారి కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

అనుమతి విషయంలో అవునని గానీ, కాదని గానీ రాతపూర్వకంగా ఏదీ రాలేదు. ముందు రోజు రాత్రి ఫోను చేసి, నడక రోడ్డు దాటకుండా ఒక పక్కగా ఉండాలని, పావుగంటలో ముగించాలని మాత్రం చెప్పారు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లను పంపారు. వారిలో ఒకామె ధ్రువపత్రాల బల్ల దగ్గర నిలబడి, తన బంధువుల పిల్లవాడి గురించి చాలాసేపు వాకబు చేసి, వివరాలు రాసుకుని వెళ్లింది.

పొద్దున వరస అంతా ఆ బల్ల దగ్గరే ఉంది. కరెంటు పోయి ప్రింటరు ఆగిపోవడంతో గంటకు పైగా నష్టపోయాం, కాబట్టి ఇన్వర్టరు ఉన్న హాలే తీసుకోండి. అక్క గారు మూడు ఊళ్ల గురువులతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. దరఖాస్తు నింపేటప్పుడు మేము పాటించిన పద్ధతి ఏమిటంటే, పేరును ముందుగా ఆధార్ చూసి ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, వచ్చినవారి చేత సరిచూపించి, నోటరీకి, పోర్టల్‌కు ఆ కాగితాన్నే ఇచ్చాం. ఫోను నంబరు కూడా వారిదే వేశాం, లేనివారికి గురువు నంబరు వేశాం. సత్యసాయి జిల్లా నుంచి వచ్చినవారి దరఖాస్తులు విడిగా చేశాం.

వైద్యుని గదికి తల్లిదండ్రులు వస్తారని ఆశించాం. ఒకే ఒక తల్లి వచ్చింది, లోపలికి వెళ్లి చాలాసేపు ఉంది. అమ్మాయిలు ఎవరైనా వచ్చారా అని తుంగభద్ర గారు విడిగా అడిగారు. వచ్చారు. హైకోర్టు తీర్పు రాసిన పేజీలు మధ్యాహ్నానికే అయిపోయాయి, సాయంత్రం సభ కోసం మళ్లీ జిరాక్సు తీయించాం.

ఫొటోల విషయంలో విలేకరులు మాట నిలబెట్టుకున్నారు. మరునాటి జిల్లా ఎడిషన్‌లో వెనుక నుంచి తీసిన ఫొటోనే వచ్చింది. దానికి పెట్టిన శీర్షికలో మాత్రం ‘పాపం’ అన్న మాట ఉంది. దాని మీద సంపాదకులకు లేఖ రాశాం.

కదిరి మల్లె (కదిరి), జూన్ 17

న్యాయవాది గారికి ఒక ప్రశ్న. ఆపరేషన్ చేయించుకుని, ధ్రువపత్రం కూడా పొందిన మా స్నేహితురాలు ఒక అబ్బాయిని గుడిలో పెళ్లి చేసుకుంది. ఇప్పుడు అతని ఇంటివాళ్లు డబ్బు తెమ్మని వేధిస్తూ, నువ్వు ఆడదానివే కాదు, నీకు కేసు పెట్టే హక్కు లేదని అంటున్నారట. నిజంగానే హక్కు లేదా?

నల్లకోటు (అనంతపురం), జూన్ 22

మీరు సరైన సమయంలోనే అడిగారు. మన హైకోర్టు ఈ నెల 16న ఇచ్చిన తీర్పులో, ట్రాన్స్ మహిళ మహిళే అవుతుందని, పురుషుణ్ణి పెళ్లి చేసుకున్న ట్రాన్స్ మహిళ భర్తపై, అత్తింటివారిపై, భార్యను వేధించడాన్ని నేరంగా చూసే 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చునని జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప చెప్పారు. బిడ్డను కనలేని కారణంగా ఆమె మహిళ కాదన్న వాదనను ఆమోదించలేదు. అందువల్ల వాళ్లు చెబుతున్నది ఇక నిలవదు.

అయితే అదే తీర్పులో ఆ ఫిర్యాదును కొట్టివేశారన్నది కూడా మీ స్నేహితురాలికి తెలియాలి. వేధించారని, కట్నం అడిగారని పైపైన రాశారే గానీ, దానిని నిలబెట్టే ప్రాథమిక ఆధారాలు లేవన్నది అందుకు కారణం. హక్కు ఉన్నదని తేలింది, ఇక గెలుపు కాగితాల మీద ఆధారపడుతుంది. గుడిలో పెళ్లి జరిగినట్టు రసీదు, ఫొటోలు, పిలిచినవారి సాక్ష్యం, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, బెదిరిస్తూ పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఏవి ఉన్నా తుడిచివేయకుండా దాచమనండి. ఎవరు, ఏ తేదీన, ఎంత అడిగారో గుర్తున్నంతవరకు వరస తప్పకుండా రాసి పెట్టమనండి. వేధింపు 2024 జూలై 1 తరువాత జరిగితే ఫిర్యాదులో న్యాయ సంహిత 85వ సెక్షన్ వస్తుంది, పాత 498ఏ స్థానంలో వచ్చింది అదే. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు నేరుగా వెళ్లవచ్చు. ఫిర్యాదు రాసే ముందు ఆ కాగితాలన్నీ తీసుకుని ఒకసారి నన్ను కలవమనండి, సోమవారం తప్ప ఏ రోజైనా సాయంత్రం నాలుగు తరువాత కోర్టులోనే ఉంటాను.